ఫెరారీ 250 ఎల్‌ఎం, ఛాసిస్ నంబరు 5893: ఆ తెల్లవారుజామున స్టీరింగు ఎవరి చేతిలో ఉంది?

ఇండియానా_తెలుగువాడు | శుక్రవారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను కాని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

నేను ఇండియానాపొలిస్‌లో ఉంటాను. ఇక్కడి స్పీడ్‌వే మ్యూజియం రేసు ట్రాక్ చుట్టుకు లోపలే ఉంటుంది. 2014 వేసవిలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు, మా అబ్బాయిని కూడా వెంటబెట్టుకుని అందరం వెళ్లాం. నాన్నగారికి కార్లంటే ఆసక్తి లేదు. ఎక్కడ కూర్చోవాలా అని కుర్చీ వెతుక్కుంటూ నడుస్తున్నారు. ఒక ఎర్రటి కారు దగ్గర మాత్రం ఆగిపోయారు. చేతులు వెనక్కి కట్టుకుని, సంతలో ఎద్దును చూసినట్టు చుట్టూ తిరిగి చూశారు. "ఇది ఊరికే నిలబెట్టడానికి చేసింది కాదురా" అన్నారు. ఆ కారే ఈ 5893.

2025 ఫిబ్రవరి 5న పారిస్ వేలంలో ఇది 3.488 కోట్ల యూరోలకు వెళ్లింది. మన లెక్కలో మూడు వందల కోట్ల రూపాయలు దాటింది. ఇన్నేళ్లు మా ఊళ్లో ఉన్న వస్తువు వెళ్లిపోయిందనే బెంగ కొంత, చరిత్ర పూర్తిగా తెలియదనే సిగ్గు కొంత. 1965లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిందని తెలుసు. నడిపింది ఇద్దరని రికార్డుల్లో ఉంది. కాదు, ముగ్గురని ఎక్కడో చదివాను. తెలిసినవారు చెప్పండి.


ఎర్రగుర్రం | శుక్రవారం, రాత్రి 11.02

మంచి బండి ఎత్తుకున్నారు. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు దీని పేరులోనే ఒక అబద్ధం ఉంది. అప్పటి ఫెరారీ వాడుకలో 250 అంటే ఒక్కో సిలిండరు 250 సీసీ అని అర్థం. పన్నెండు సిలిండర్లకు మూడు లీటర్లు. మొట్టమొదటి ఎల్‌ఎం ఒక్కటే అలా ఉంది. తరువాతి వాటికి పెట్టినవి 3.3 లీటర్ల ఇంజన్లు, కాబట్టి న్యాయంగా 275 ఎల్‌ఎం అనాలి. ఎందుకు అనలేదంటే, ఇది పాత 250 జీటీఓకే కొత్త రూపమని నమ్మించి జీటీ తరగతిలో, అంటే రోడ్డు మీద తిరిగే కార్ల తరగతిలో, దించుదామని ఎంజో ఫెరారీ ఎత్తు. జీటీఓలో ఇంజను ముందు ఉంటుంది, దీనిలో డ్రైవరు వీపు వెనక ఉంటుంది. అయినా రెండూ ఒకటే అన్నాడు!

ఆ తరగతికి వంద కార్లు తయారు కావాలి. ఎల్‌ఎంలు మొత్తం కలిపి తయారైనవి 32. 1964లో ఎఫ్ఐఏ, అంటే కార్ల రేసుల నియమాలు చూసే అంతర్జాతీయ సంస్థ, ఒప్పుకోలేదు. ఎంజో అలిగాడు. ఆ సీజన్ చివరి రేసులకు తన ఫార్ములా వన్ కార్లను ఇటలీ ఎరుపులో కాకుండా అమెరికా నీలం తెలుపు రంగుల్లో, నార్ట్ అనే అమెరికా జట్టు పేరు మీద పంపించాడు. జాన్ సర్టీస్ ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ రంగుల్లోనే.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఛాసిస్ నంబరులో దాని ఆనవాలు ఇప్పటికీ ఉంది. ఫెరారీలో రోడ్డు మీద తిరిగే కార్లకు బేసి నంబర్లు, రేసు కార్లకు సరి నంబర్లు ఇచ్చేవారు. ఎల్‌ఎంలు పచ్చి రేసు కార్లు. అయినా అన్నిటికీ బేసి నంబర్లే, 5893తో సహా. ఎఫ్ఐఏ ముందు ఆడిన నాటకం లోహంలో చెక్కి ఉందన్నమాట.

ఆ నాటకం పండకపోవడంతో ఎల్‌ఎం పెద్దవాళ్ల తరగతిలో, రేసుల కోసమే ప్రత్యేకంగా కట్టిన ప్రోటోటైప్‌లతో తలపడాల్సి వచ్చింది. 1965 లె మాన్స్‌లో ఎదురుగా ఫోర్డ్ ఏడు లీటర్ల జీటీ40లు, పక్కన ఫెరారీ సొంత జట్టు పీ2లు. వాటి మధ్య 3.3 లీటర్ల ప్రైవేటు కారు గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. తోలడానికి వచ్చిన డ్రైవర్లు కూడా అనుకోలేదు.

మిగతాది రేపు. కరెంటు పోయేలా ఉంది.


నాలుగోగేరు | శుక్రవారం, రాత్రి 11.40

అన్నా, సరిగ్గా కథ రసపట్టులో ఉండగా ఆపేశారు. ఈలోగా నాకొక చిన్న సందేహం. ఇటలీలో ఎడమ చేతి స్టీరింగు కదా? ఇండియానా గారు చూసిన కారు కూడా ఎడమ స్టీరింగే అయి ఉండాలి.


ఆటోనగర్_మేస్త్రి | శనివారం, ఉదయం 6.20

కుడి స్టీరింగు తమ్ముడూ.


నాలుగోగేరు | శనివారం, ఉదయం 9.05

మేస్త్రి గారూ, మీరు ఎంత అనుభవజ్ఞులైనా ఇటలీ కారుకు కుడి స్టీరింగంటే నమ్మలేను. పందెం కాస్తారా? ఓడినవాళ్లు రెండు ప్లేట్ల పునుగులు.


ఆటోనగర్_మేస్త్రి | శనివారం, ఉదయం 9.11

కాశాను. అల్లం పచ్చడితో.


ఎర్రగుర్రం | శనివారం, మధ్యాహ్నం 2.30

పునుగుల సంగతి మీరు తేల్చుకోండి. నేను రేసుకు వస్తాను.

1965 జూన్ 19, శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మొదలైంది. ఈ కారును బరిలోకి దించింది లుయీజీ చినెట్టి. నార్ట్ జట్టు ఆయనదే. ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడి అక్కడ ఫెరారీలు అమ్మినవాడు. ఆయనను ఉత్త వ్యాపారి అనుకోవద్దు. 1932లో, 1934లో, 1949లో తానే లె మాన్స్ గెలిచాడు. ఫెరారీకి అక్కడ తొలి గెలుపు ఆ 1949లోదే. ఆ రేసులో భాగస్వామి లార్డ్ సెల్స్‌డన్ గంట పైచిలుకు మాత్రమే నడిపితే, మిగతాదంతా చినెట్టి ఒక్కడే లాగాడు. నడిపేది ఎవరు, పేరు ఎవరిది అన్న గొడవ ఈయనకు కొత్త కాదని గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఈ కారు రేసు నంబరు 21. దీనికి డ్రైవర్లు ఇద్దరు. ఒకరు మాస్టెన్ గ్రెగరీ, అమెరికాలోని కాన్సాస్ సిటీ మనిషి. సీసా అడుగంత మందం కళ్లద్దాలు. బండి గోడకు కొట్టుకోబోతోందని తెలిస్తే కదులుతుండగానే బయటికి దూకేస్తాడని పేరు. రెండోవాడు యోహెన్ రింట్, ఆస్ట్రియా కుర్రవాడు, అప్పటికి 23 ఏళ్లు. అయిదేళ్ల తరువాత మోంజాలో చనిపోయి, చనిపోయాక ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అలా అయినవాడు ఇప్పటికీ అతనొక్కడే.

మొదటి గంటల్లోనే ఇంజను ఆరు సిలిండర్ల మీదికి వచ్చేసింది. గ్రెగరీ ఈడ్చుకుంటూ పిట్‌కు, అంటే ట్రాక్ పక్కన బండ్లు బాగుచేసే చోటికి, తెచ్చాడు. దాదాపు అరగంట పోయింది. రింట్ ఇక అయిపోయిందనుకుని మామూలు బట్టలు వేసుకుని ఊరికి బయల్దేరబోయాడని చెబుతారు. సరే, ఎలాగూ గెలవం, ఉన్నంతసేపు కుమ్మేద్దాం, విరిగితే విరుగుతుంది అన్న షరతు మీద మళ్లీ ఎక్కాడట.

విరగలేదు. విరిగినవి మిగతావాళ్లవి. ఫోర్డులన్నీ అర్ధరాత్రికల్లా ఇంటిముఖం పట్టాయి. ఫెరారీ సొంత జట్టు పీ2లకు బ్రేకు డిస్కులు పగుళ్లిచ్చాయి. తెల్లారేసరికి ముందున్నది ఇంకో ప్రైవేటు ఎల్‌ఎం, ద్యుమే, గోసెలాఁ అనేవాళ్ల పసుపు కారు. దానికీ మధ్యాహ్నం వేగంలో ఉండగా వెనక టైరు పేలి రెక్క చీలికలైపోయింది. 21 ముందుకొచ్చింది. చివరి గంటల్లో దాని చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ కూడా మూలుగుతుంటే గ్రెగరీ మలుపుల్లో క్లచ్ నొక్కి, బరువు పడకుండా జార్చుకుంటూ తెచ్చాడని అంటారు. మొత్తం 348 చుట్లు. ఒక్కో చుట్టు 13 కిలోమీటర్ల పైన.

అప్పుడు ఎవరికీ తెలియదు, ఆ తరువాత 58 ఏళ్లపాటు ఫెరారీకి లె మాన్స్‌లో మొత్తం మీద గెలుపు ఉండదని. 2023లో మళ్లీ గెలిచేదాకా 5893దే ఆఖరి గెలుపు.


ఆటోనగర్_మేస్త్రి | శనివారం, సాయంత్రం 7.45

ఎర్రగుర్రం గారు ఇంజను ఆరు సిలిండర్ల మీదికి వచ్చిందన్న మాట ఒక్కటి చెప్పి దాటిపోయారు. నాకు అక్కడే ఆగాలనిపించింది. పన్నెండులో ఒకటో రెండో పోవడం వేరు, సరిగ్గా సగం పోవడం వేరు. సగం పోయిందంటే ఇంజను లోపల ఏదీ విరగలేదని అర్థం. ఆ ఇంజనుకు డిస్ట్రిబ్యూటర్లు రెండు. ఒక్కోటి ఆరు సిలిండర్లకు నిప్పు ఇస్తుంది. ఒకటి పడుకుంటే సగం ఇంజను పడుకుంటుంది. కండెన్సర్ పోయిందని ఎక్కడో చదివాను, నమ్మదగ్గ మాటే.

అంబాసిడర్ నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. చిటికెన వేలంత డబ్బా. దాని పని, పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్య నిప్పు ఎగరకుండా ఆపడం. అది పోతే నిప్పు ప్లగ్గు దగ్గర పడాల్సింది పాయింట్ల దగ్గరే పడి, అవి నల్లగా కమిలిపోతాయి. బండి మిస్సింగ్ కొడుతుంది, సైలెన్సర్‌లో టపటపమంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి వేడెక్కాక మొరాయించే రకం కండెన్సర్లు ఇంకా దుర్మార్గం. బయటికి తీసి పరీక్షిస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మా నాన్నగారు అందుకని అనుమానం వచ్చిన ప్రతి కండెన్సర్‌ను ముందు పారేసి తరువాత ఆలోచించేవారు. నేను చిన్నప్పుడు అవి ఏరుకుని దాచుకునేవాణ్ని.

కాబట్టి అరగంట పట్టిందంటే నేను మెకానిక్కులను తప్పు పట్టను. మార్చడానికి పది నిమిషాలు, కనిపెట్టడానికి ఇరవై. ఆ తప్పు అర్ధరాత్రి జరిగి ఉంటే ఇంకా పట్టేది. ఇంజను కాలిపోయిందనుకుని ఆపేసి ఉంటే ఈ మూడు వందల కోట్లు లేవు.


కళ్లద్దాలు | శనివారం, రాత్రి 10.10

మేస్త్రి గారి పోస్టు చదివి కండెన్సర్ మీద ప్రేమ పుట్టింది. కాని మూడో డ్రైవరు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇండియానా గారు అడిగింది అదే కదా.


ఎర్రగుర్రం | ఆదివారం, ఉదయం 8.00

అవును, కావాలనే ఆపాను. అది విడిగా చెప్పాల్సిన కథ.

ఎడ్ హ్యూగస్ అని పిట్స్‌బర్గ్‌లో కార్లు అమ్మే ఆయన, లె మాన్స్‌లో అంతకుముందు చాలాసార్లు నడిపినవాడు. 1965లో నార్ట్ జట్టుకు రిజర్వు డ్రైవరుగా పేరు నమోదైంది. అంతవరకు వివాదం లేదు. చాలా ఏళ్ల తరువాత, వృద్ధాప్యంలో, ఒక అభిమానికి రాసిన ఉత్తరంలో ఆయన చెప్పింది ఇది: తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో పొగమంచు కమ్మింది. గ్రెగరీ కళ్లద్దాలతో ఇబ్బంది పడి అనుకున్న సమయం కంటే ముందే పిట్‌కు వచ్చేశాడు. రింట్ కోసం వెతికితే కనిపించలేదు. చినెట్టి తన వైపు తిరిగి హెల్మెట్ పెట్టుకొమ్మన్నాడు. తెల్లారేదాకా తాను నడిపి దిగాడు. తరువాత రింట్ ఎక్కాడు.

మరి రికార్డుల్లో ఎందుకు లేదు? అప్పటి నియమం ప్రకారం రిజర్వు డ్రైవరు ఎవరి బదులు ఎక్కితే, వాళ్లు మళ్లీ ఆ కారు ఎక్కకూడదు. గ్రెగరీ బదులు హ్యూగస్ ఎక్కి, గ్రెగరీ తరువాత మళ్లీ నడిపి ఉంటే కారును అనర్హం చేయవచ్చు. అంటే చెబితే గెలుపు పోతుంది. హ్యూగస్ మాట నిజమైతే అందరూ నోరు మూసుకోవడానికి కారణం అది.

హ్యూగస్ 2006లో చనిపోయాడు. రింట్ 1970లో, గ్రెగరీ 1985లో, చినెట్టి 1994లో అప్పటికే పోయారు.


రుజువేది | ఆదివారం, ఉదయం 8.40

ఇందుకే నాకు ఇలాంటి కథలంటే చిరాకు. సాక్షులందరూ పోయాక నోరు విప్పిన ఒక్క మనిషి మాట. రింట్ చెప్పలేదు, గ్రెగరీ చెప్పలేదు. గెలిచిన ప్రతి ఎన్నిక తరువాత "నా వల్లే గెలిచారు" అనేవాడు ఒకడు ఉంటాడు, ఈయన ఆ బాపతు కాదని ఎలా నమ్మాలి? రేసు నిర్వాహకులు ఇద్దరి పేర్లే రాశారు, ఇన్నేళ్లలో మార్చలేదు. అక్కడితో అయిపోయింది.


కళ్లద్దాలు | ఆదివారం, ఉదయం 11.25

రుజువేది గారూ, రుజువు నా దగ్గర లేదు. కాని నేను కళ్లద్దాల దుకాణం నడుపుతాను, పదో ఏట నుంచి మైనస్ తొమ్మిది పవరు మోస్తున్నాను. ఆ అనుభవంతో గ్రెగరీ వరకు చెప్పగలను.

ఆ రోజుల్లో అంత పవరుకు అసలైన గాజు బిళ్లలే. బరువు ముక్కు మీద పడి, చెమటకు కిందికి జారుతాయి. ఎల్‌ఎంలో ఇంజను వీపుకు ఆనుకుని ఉంటుంది, లోపలంతా కొలిమి. కారు ఆగి తలుపు తెరవగానే చల్లగాలి. లేదా లోపలికి మంచుగాలి చొరబడితే చాలు, అద్దాల మీద ఆవిరి పడుతుంది. మామూలు మనిషికి కారు అద్దం ఒక్కటే మసక. మాకు రెండు పొరలు. పైగా రాత్రిపూట ఎదుటి లైటు ఆ మసకలో పడితే ఒక్క దీపం పాతిక దీపాలై విచ్చుకుంటుంది.

డిసెంబరులో ఒకసారి తెల్లవారుజామున అరకు ఘాట్ రోడ్డు మీద నాకు ఇదే జరిగింది. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంలోనే పక్కకు తీసి ఆపేశాను. చీర కొంగుతో తుడుచుకుంటే ఇంకా అలుక్కుపోయింది. ఆయన ఉన్నది గంటకు రెండు వందల యాభై దాటే తిన్నని రోడ్డు మీద. ముందే పిట్‌కు వచ్చేశాడంటే నాకు ఆశ్చర్యం లేదు. రాకుండా ఉండి ఉంటే ఆశ్చర్యపోయేదాన్ని.


రుజువేది | ఆదివారం, మధ్యాహ్నం 12.02

చాలా బాగా రాశారు, ఒప్పుకుంటాను. అయితే గ్రెగరీ పిట్‌కు వచ్చాడనే దాకా మీ వాదన సాగుతుంది. ఆ తరువాత కుర్చీలోకి ఎక్కింది రింట్ కాదు, హ్యూగస్ అనడానికి సాయపడదు.


కళ్లద్దాలు | ఆదివారం, మధ్యాహ్నం 12.10

నేనూ అంతవరకే అన్నాను కదండీ.


లింకు_డాక్యుమెంటు | ఆదివారం, సాయంత్రం 4.50

ముప్పై నాలుగేళ్లు దస్తావేజు లేఖరిగా పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. మా అల్లుడు ఈ చర్చ చూపించాడు. రెండు మాటలు చెప్పాలనిపించింది.

పొలం కొనేవాడు మమ్మల్ని అడిగేవి రెండు. ఒకటి, ఇది ఆ సర్వే నంబరు భూమేనా? రెండు, ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చింది? మొదటిదానికి హద్దులు చూస్తాం, రెండోదానికి ముప్పై ఏళ్ల ఈసీ తీసి లింకు డాక్యుమెంట్లు వరసగా పేర్చుకుంటాం. ఒక్క లింకు తెగినా ధర సగానికి పడుతుంది. మీ పాత రేసు కార్లలోనూ సరిగ్గా ఇదేనని అల్లుడు చెబుతున్నాడు. సరిహద్దుల్లో కస్టమ్స్ కాగితాల కోసం ఒక కారు ప్లేటు ఇంకో కారుకు బిగించడం ఆ రోజుల్లో మామూలేనట. ప్రమాదంలో పోయిన కారు ఛాసిస్ ముక్క ఒకరి దగ్గర, ఇంజను ఇంకొకరి దగ్గర ఉండి, ఇద్దరూ ఒకే నంబరుతో రెండు కార్లు కట్టుకున్న సందర్భాలు ఉన్నాయట. ఒకే సర్వే నంబరు మీద రెండు పట్టాదారు పాసుపుస్తకాలు! ఇది మన దగ్గరే ఉంటుందనుకున్నాను.

ఇప్పుడు మీ వివాదం. యాజమాన్యానికి, అనుభవానికి తేడా ఉంది. పొలం ఎవరి పేరున ఉందో కాగితం చెబుతుంది. ఫలానా రాత్రి నీళ్లు ఎవరు కట్టారో కాగితం చెప్పదు. అది ఊళ్లో మనుషులు చెప్పాలి. మనుషులు పోయాక ఎవరూ చెప్పలేరు. హ్యూగస్ గారిది నీళ్లు కట్టానన్న వాంగ్మూలం. దానివల్ల పట్టా మారదు. అలాగని అబద్ధమనీ కాదు.


నాలుగోగేరు | ఆదివారం, సాయంత్రం 5.30

తాతగారూ, మీరు రోజూ రాయాలి ఇక్కడ.


రుజువేది | ఆదివారం, సాయంత్రం 6.15

దస్తావేజు పెద్దాయనకు నమస్కారం. మీ తీర్పులో మొదటి సగం నాది, రెండో సగం కళ్లద్దాలు గారిది. కోర్టు పక్షి ఎవరినీ నొప్పించదని అర్థమైంది.

సరే, మరి లింకులు ఎవరైనా పేర్చండి. 1965 తరువాత ఈ కారు ఏమైంది?


ఎర్రగుర్రం | ఆదివారం, రాత్రి 9.20

లింకు డాక్యుమెంటు గారి పోస్టు తరువాత ఈ పని భయభక్తులతో చేయాలి.

చాలా పాత రేసు కార్లతో పోలిస్తే దీని గొలుసు పొట్టిది. అదే దీని అదృష్టం. ఫ్యాక్టరీ నుంచి చినెట్టి వైపు వచ్చింది. లె మాన్స్ గెలిచాక దాన్ని అద్దాల గదిలో పెట్టలేదు. మళ్లీ కాడికి కట్టారు. 1966లో అమెరికాలోని డేటోనా 24 గంటల రేసు, రింట్, బాబ్ బాండ్యురంట్ నడిపారు, తొమ్మిదో స్థానం. 1968లో మళ్లీ డేటోనా. అదే ఏడాది లె మాన్స్, గ్రెగరీయే మళ్లీ వచ్చి చార్లీ కోల్బ్‌తో కలిసి నడిపాడు. చివరిదాకా రాలేదు. 1969 లె మాన్స్‌లో జెకోలీ, సామ్ పోసీ ఎనిమిదో స్థానానికి తెచ్చారు. 1970 డేటోనాలో చినెట్టి కొడుకు, గ్రెగ్ యంగ్ ఏడో స్థానం.

ఒక్కసారి ఆలోచించండి. ఆ 1970 డేటోనా గెలిచింది పోర్షే 917. ఆరేళ్ల ముసలి ఎల్‌ఎం ఆ తరం కార్లతో ఇరవై నాలుగు గంటలు తిరిగి ఏడోదిగా నిలిచింది. మొత్తం ఆరు ఇరవై నాలుగు గంటల రేసులు. దీన్ని నేను గెలుపు కంటే గొప్పగా చూస్తాను. 1965 గెలుపులో అదృష్టం పాలు చాలా ఉంది. ఈ ఓర్పులో లేదు.

1970లోనే ఇండియానాపొలిస్ మ్యూజియం చేతికి వచ్చింది. అక్కడ 54 ఏళ్లు. ఈ మధ్యలో మిగతా ఎల్‌ఎంలు చేతులు మారాయి, రంగులు మారాయి, ముక్కులు మారాయి. ఇది కదల్లేదు. 2015లో కాలిఫోర్నియాలో ఇంకో ఎల్‌ఎం 1.76 కోట్ల డాలర్లకు అమ్ముడై సంచలనమైంది. పదేళ్లకు ఇది దాదాపు దానికి రెట్టింపు తెచ్చింది. ఆ తేడాలో సగం లె మాన్స్‌దైతే మిగతా సగం ఆ 54 ఏళ్ల నిశ్చలత్వానిదని నా లెక్క.


ఇండియానా_తెలుగువాడు | ఆదివారం, రాత్రి 10.05 (భారత కాలమానం)

మ్యూజియం ఎందుకు అమ్మిందో నేను చెప్పగలను. ఇక్కడ దాని మీద చాలా మాటలు జరిగాయి. 2023 చివర్లో భవనం మూసి పూర్తిగా తిరగదోడారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. ఇకపై ఈ ట్రాక్‌తో, ఇండియానాపొలిస్ 500 రేసుతో సంబంధం ఉన్నవాటి మీదే దృష్టి పెడతామని, దూరపు చుట్టాల్లాంటి కార్లను అమ్మి వచ్చిన డబ్బును సంరక్షణకు మూలధనంగా పెట్టుకుంటామని వాళ్ల వాదన. వీటిలోనే ఒక మెర్సిడెస్ డబ్ల్యూ196 ఆర్ అనే పాత రేసు కారు, 2025 ఫిబ్రవరి 1న స్టుట్‌గార్ట్‌లో 5.1 కోట్ల యూరోలు దాటింది. అది 1965లో మెర్సిడెస్ కంపెనీ తానే మ్యూజియానికి బహూకరించిన కారు. ఇచ్చిన కానుకను అమ్మవచ్చా అని మా ఆఫీసులో రెండు వారాలు తగవు.

నాకైతే, ఈ కారు ఇక్కడ నెగ్గలేదు, ఇక్కడ పరుగెత్తలేదు. అయినా 54 ఏళ్లు ఉన్నాక చుట్టం ఎలా అవుతుంది?


పాతరథం | సోమవారం, ఉదయం 7.30

నేను కోనసీమ మనిషిని. అడ్డొస్తున్నందుకు క్షమించండి. 54 ఏళ్లు కదల్లేదు, అందుకే విలువ అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

అంతర్వేది నరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలి బూడిదైంది. కొత్తది చేయించారు, 2021 ఉత్సవానికి లాగారు. మా అమ్మ దాని తాడు పట్టుకుని వచ్చి "స్వామి రథం లాగాను" అంది. కొత్త రథం అనలేదు. తిరిగే వస్తువుకు ప్రాణం తిరగడంలో ఉంటుంది, చెక్కలో కాదు. ఆరేళ్లలో ఆరు పెద్ద రేసులు తిరిగిన బండిని అర్ధశతాబ్దం కట్టేసి ఉంచారు. అది మీకు నిశ్చలత్వం, నాకు బందెలదొడ్డి.


ఆటోనగర్_మేస్త్రి | సోమవారం, ఉదయం 7.55

పాతరథం గారూ, మనసుకు మీ మాటే నచ్చింది. చేతులకు ఎర్రగుర్రం గారి మాట నచ్చింది. తిప్పితే విరుగుతుంది, విరిగితే మారుస్తాం, మార్చాక పాతది ఎంత మిగిలిందో లెక్క పెట్టుకోవాలి. రథానికి ఆ లెక్క అక్కర్లేదు, లోపల స్వామి ఉంటాడు. కారుకు లోపల ఉన్నది ఇంజనే. ఆ కాలపు ఫెరారీల్లో ఇంజను మీద కొట్టే నంబరు, ఛాసిస్ నంబరు ఒకటే. రెండూ 5893గా ఉన్నంతకాలమే ఆ ధర.


ఎర్రగుర్రం | సోమవారం, ఉదయం 9.00

ఇంకో చిన్న ముక్క మరచిపోయాను. టైర్ల గొడవ. అప్పట్లో ఫెరారీ కంపెనీకి డన్‌లప్‌తో ఒప్పందం. చినెట్టి అమెరికా వ్యాపారి కాబట్టి 21కి గుడ్‌ఇయర్ టైర్లు. రెండు ఎల్‌ఎంలు ముందుండగా, డన్‌లప్ టైర్ల పసుపు కారును గెలవనివ్వమని చినెట్టి మీద ఒత్తిడి వచ్చిందని ఒక కథ ఉంది. ఆయన వినలేదట. ఆ పసుపు కారు టైరు పేలడంతో అయిదు చుట్లు వెనక రెండోదిగా వచ్చింది. రుజువేది గారు ఏమంటారో నాకు తెలుసు.

అన్నట్టు 2025 జూన్‌లో లె మాన్స్ గెలిచిందీ ప్రైవేటు ఫెరారీయే, 83వ నంబరు. రంగు పసుపు. అరవై ఏళ్ల తరువాత పసుపుకు న్యాయం జరిగింది.


రుజువేది | సోమవారం, ఉదయం 9.04

"గెలవనివ్వమన్నారట." ఎవరు అన్నారు, ఎవరు విన్నారు?

(ఇది మాత్రం నిజమైతే బాగుండునని ఉంది.)


నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 10.30

చర్చ చక్కగా సాగుతోంది. మెర్సిడెస్ సంగతి వేరుగా తెరిచాం, కానుకలు అమ్మవచ్చా అన్న తగవు అక్కడికి తీసుకెళ్లండి. రథాల మీద ఎవరూ మతపరమైన వ్యాఖ్యలు చేయవద్దు. పునుగుల పందెం ఇంకా తేలలేదు.


ఇండియానా_తెలుగువాడు | మంగళవారం, ఉదయం 8.15

పాత హార్డ్ డిస్కులో 2014 ఫొటోలు దొరికాయి. మొత్తం మ్యూజియంలో తీసినవి అరవై రెండు. వాటిలో యాభై ఫొటోల్లో ఉన్నది మా అబ్బాయి, వెనక ఏదో ఒక కారు చక్రం. ఎర్ర కారుది ఒక్కటే దొరికింది. అదీ పూర్తిగా రాలేదు. నాన్నగారి భుజం అడ్డం వచ్చింది. ఆయన వంగి పక్క కిటికీలోంచి లోపలికి చూస్తున్నారు, అద్దం మీద ఊపిరి ఆవిరి కట్టింది కూడా కనిపిస్తోంది. కళ్లద్దాలు గారు గుర్తొచ్చారు.

నాన్నగారు ఇప్పుడు లేరు. ఫొటో జత చేస్తున్నాను. పెద్దది చేసి చూడండి. భుజం పక్కనుంచి, ఆవిరికి కొంచెం కింద, చెక్క పట్టు ఉన్న గుండ్రటి స్టీరింగు. కుడివైపు.


నాలుగోగేరు | మంగళవారం, ఉదయం 8.50

చూశాను. కుడివైపే. నాన్నగారి ఫొటో పంచుకున్నందుకు కృతజ్ఞతలు ఇండియానా గారూ.

మేస్త్రి గారూ, ఆదివారం విజయవాడ వస్తాను. ఎందుకు కుడివైపు పెట్టారో మాత్రం మీరే చెప్పాలి.


ఆటోనగర్_మేస్త్రి | మంగళవారం, ఉదయం 9.02

లె మాన్స్‌లో గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతారు. ఎక్కువ మలుపులు కుడికే. మలుపు లోపలి అంచు డ్రైవరుకు దగ్గరగా కనబడాలి. మిగతాది పునుగులు తింటూ చెబుతాను. సాయంత్రం అయిదు దాటాక రా, అంతకుముందు వేస్తే నూనె సరిగ్గా కాగదు.